రుచి చూడని నలభై డ్రమ్ములు

మొన్న ఘట్‌కేసర్ దగ్గర ఒక కాలేజీలో ఫుడ్ టెక్నాలజీ చదివే పిల్లలకు నా ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. నాచారం పారిశ్రామిక వాడలో ఒక పచ్చళ్ళ ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు కెమిస్టుగా చేసి, రెండేళ్ళ కిందట రిటైరైన మనిషిని. నాలుగు మాటలూ చెప్పాను. పిల్లలు మర్యాదగా విన్నారు. అంటే ఫోన్లు బల్ల మీద కాకుండా బల్ల కింద పెట్టుకుని చూశారు. చివర్లో ఒకమ్మాయి లేచి అడిగింది: "మేడం, పచ్చడి చెడిపోబోతోందని అందరికంటే ముందు ఏ పరీక్షలో తెలుస్తుంది?"

ఉప్పు శాతం, ఆమ్లం, తేమ అని పుస్తకంలో ఉన్న జవాబు చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఉప్పల్‌లో బస్సు దిగి ఇంటికొచ్చాక ఆ చప్పట్లు నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. టీ పెట్టుకున్నాను, తాగడం మరిచిపోయాను. మళ్ళీ పెట్టుకున్నాను. నేను చెప్పింది తప్పు కాదు. నా ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద పొరపాటు కూడా సరిగ్గా ఇలాంటిదే, అందులోనూ తప్పు మాట ఒక్కటీ లేదు. అందుకని ఇది రాస్తున్నాను. మధ్యలో లేచి పచార్లు చేసిన చోట్ల వాక్యాలు అతుక్కోకపోవచ్చు.

జాడీ లేనివాళ్ళ ఆవకాయ

ఆవకాయ చరిత్ర రాసేవాళ్ళంతా జాడీతో మొదలుపెడతారు. ఫ్యాక్టరీ ఆవకాయ చరిత్ర జాడీ లేనివాళ్ళతో మొదలైంది. కోస్తా నుంచి ఉద్యోగాలకొచ్చి ఉప్పల్‌లో, హబ్సిగూడలో, మల్కాజిగిరిలో ఒంటిగది అద్దెకు తీసుకున్న గుమస్తాలు, మాస్టర్లు. జాడీ పెట్టుకునే చోటు లేదు, కాయ కొట్టే కత్తిపీట లేదు, మేడ మీద మిరపకాయలు ఎండబెడితే ఇంటాయన ఊరుకోడు. మా యజమాని శేషగిరిరావు గారు కూడా అలాంటివారే. గుంటూరు వైపు నుంచి నీళ్ళ మోటార్లు అమ్ముకుందామని వచ్చారు. ఆయన కోసం వాళ్ళమ్మ గారు బస్సు మీద వేసి పంపిన ఆవకాయ డబ్బా చుట్టుపక్కల గదులవాళ్ళు వారంలో ఖాళీ చేశారు. మోటార్లు కదల్లేదు, డబ్బాలు కదిలాయి. ఆయన తెలివైన మనిషి, కదిలేదాని వెంట నడిచారు.

తర్వాతి చరిత్రంతా కారడం చుట్టూ తిరుగుతుంది. గాజు సీసా మూత కారి రైల్లో ఎవరి పట్టుచీరో పాడైంది, అందుకని మూత లోపల సీలు వచ్చింది. గాజు బరువని ప్లాస్టిక్ వచ్చింది. ప్లాస్టిక్‌కు చోటెక్కువని పౌచ్ వచ్చింది. క్యాంటీన్లకూ కర్రీ పాయింట్లకూ చిన్న సాచెట్ వచ్చింది, దాన్ని పళ్ళతో చింపి చొక్కా మీద వేసుకోవడం ఈ నగరంలో ఒక మధ్యాహ్నపు ఆచారంగా స్థిరపడింది. నూనె కూడా నడిచింది. మొదట నువ్వుల నూనె, తర్వాత వేరుశనగ, తర్వాత రెండూ కాని రిఫైండు. నూనె మారినప్పుడల్లా లేబుల్ మీద ఒక మాట పెరిగేది. మొదట "ఆవకాయ" అని మాత్రమే ఉండేది. తర్వాత "సంప్రదాయ ఆవకాయ". నేను రిటైరయ్యేనాటికి "అసలుసిసలు సంప్రదాయ గుంటూరు ఆవకాయ". నూనె పలచబడిన కొద్దీ లేబుల్ చిక్కబడింది.

లేబుల్ మీద పెద్దమ్మ గారి ఫొటో ఉండేది. పెద్దమ్మ గారంటే శేషగిరిరావు గారి తల్లి, ఫ్యాక్టరీలో అందరూ అలాగే పిలిచేవారు. నిజానికి ఆ సీసాలోకి వెళ్ళిన చెయ్యి మాత్రం గుంటూరుది కాదు. భువనగిరి, జనగామ, ఆలేరు వైపు నుంచి వచ్చి మల్లాపూర్‌లో, నాగారంలో ఉంటున్న పద్ధెనిమిది మంది ఆడవాళ్ళది. వాళ్ళ ఇళ్ళలో ఆవకాయ అన్న మాటే లేదు. మామిడికాయ తొక్కు ఉంది, అందులో అల్లం, ఎల్లిగడ్డ, పోపు ఉన్నాయి. తాము తినని పచ్చడిని ముప్ఫై ఏళ్ళు తప్పు లేకుండా కలిపినవాళ్ళ గురించి ఏ లేబుల్ మీదా ఏమీ రాయలేదు. ఖాళీ లేదు మరి, "అసలుసిసలు" చాలా చోటు తీసుకుంది.

యాదమ్మ

ఆ పద్ధెనిమిది మందికీ పెద్ద యాదమ్మ. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది, ఆలేరు దగ్గరి ఊరు. నేను తెనాలిలో బీఎస్సీ, ఇక్కడ ఎమ్మెస్సీ చదివి, తెల్లకోటు వేసుకుని మొదటి రోజు కలిపే హాల్లోకి వెళ్ళి అందరినీ గ్లౌజులు వేసుకోమన్నాను.

"గ్లౌజేసుకుంటే ముక్క గట్టిగుందో మెత్తవడ్డదో ఎట్ల తెలుస్తది మేడం?" అంది యాదమ్మ. "చెప్పులేసుకొని పండుకున్నట్టుంటది."

"రూలు అమ్మా."

"రూలైతే ఏసుకుంటం. రూలుకు ముక్క ఎర్కనా అని అడిగిన, గంతే."

వేసుకున్నారు. నేను బయటికెళ్ళగానే తీసేవారు, వస్తుంటే గుమ్మం దగ్గరున్న మనిషి దగ్గేది. కలిపే హాల్లో సిబ్బందికి దగ్గు ఎక్కువగా ఉందని, కారం ఘాటు కావచ్చని నా మొదటి నెల నివేదికలో రాశాను. అది రెండేళ్ళపాటు అలాగే నిలిచింది. మూడో ఏట గ్లౌజుల బదులు చేతులు కడుక్కునే పద్ధతి గట్టిగా పెట్టాను. దగ్గు తగ్గింది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు చెప్పదగ్గది ఒకటుంది. ల్యాబ్‌లో మీరు తెలుసుకునేది జరిగిపోయిన విషయం. జరుగుతున్న విషయం హాల్లో ఎవరి చేతికో తెలుస్తుంటుంది. ఆ చెయ్యి మీతో మాట్లాడే పరిస్థితి ఉందా లేదా అన్నదే మీ క్వాలిటీ. మిగతాదంతా పరికరాలు.

దేవుడి డ్రమ్ము

మాకు బాసులు ఇద్దరు. ఫ్యాక్టరీకి శేషగిరిరావు గారు, శేషగిరిరావు గారికి పెద్దమ్మ గారు. ఆయన మంచివారే. కోపం వస్తే గొంతు తగ్గించేవారు. ఆయన గుసగుసగా మాట్లాడుతున్నారంటే హాలంతా భయపడేది.

పెద్దమ్మ గారు పెట్టిన ఆచారం ఒకటుంది. ఏటా వేసవిలో మొదటి ఆవకాయ కలిపాక దాన్ని ఎవరూ రుచి చూడకూడదు. ఇళ్ళలో అందరూ చేసినట్టే మూడో రోజు పచ్చడి తిరగకలుపుతారు. ఆరోజు ఆఫీసు గదిలో పూజ, చిన్న గిన్నెలో నైవేద్యం. తర్వాత పెద్దమ్మ గారు ఒక ముక్క నోట్లో వేసుకుని "ఉప్పు చాలదు" అనో "సరే" అనో అంటారు. అప్పుడే అది పచ్చడి. అంతవరకు దేవుడిది. ఎవరైనా ముందు నోట్లో పెట్టుకుంటే ఎంగిలి అయినట్టే, ఆ మనిషి ఇంక ఆ గేటు లోపలికి రానక్కర్లేదు. ఇది రాతలో లేని రూలు. రాతలో ఉన్నవాటికంటే బాగా అమలయ్యేది.

పదిహేనేళ్ళు ఏ ఇబ్బందీ లేదు. మూడు రోజులు దేవుడి కోసం ఆగడం పచ్చడికి కూడా మంచిదే, ఉప్పు ముక్కకు పట్టాలి కదా.

ఆ తర్వాతి వేసవిలో రెండు సంగతులు జరిగాయి. మొదటిది నేను చేసింది. మా ఆవకాయ రెండు నెలలకే నల్లబడుతోందని దుకాణాలవాళ్ళు గోల పెడుతుంటే, అయోడిన్ కలిపిన సన్న ఉప్పు మాని కల్లుప్పు వాడదామని నేను చెప్పాను, కాగితం మీద రాసి సంతకం పెట్టాను. యజమాని ఒప్పుకున్నారు. రెండోది పెద్దమ్మ గారి మోకాలి ఆపరేషన్. మొదటి ఆవకాయ కలిపిన మర్నాడే ఆవిడను ఆసుపత్రిలో చేర్చారు.

"అమ్మ వచ్చేదాకా పూజ లేదు," అన్నారు శేషగిరిరావు గారు. "పూజ అయ్యేదాకా ఎవరూ ముట్టుకోవద్దు."

మామిడికాయ ఎవరి మోకాలి కోసమూ ఆగదు. లారీలు వస్తూనే ఉన్నాయి. కాయ కొడుతూనే ఉన్నారు, కలుపుతూనే ఉన్నారు, నీలం డ్రమ్ములకు తెల్లగుడ్డ వాసెన కడుతూనే ఉన్నారు. దేవుడు మొదటిది తినలేదు కాబట్టి రెండోదీ తినకూడదు, పదోదీ తినకూడదు. వారం తిరిగేసరికి నలభై డ్రమ్ములయ్యాయి. ఆ ఏడాది మా ఆవకాయ మొత్తంలో పెద్ద భాగం అక్కడ, ఒక్క మనిషి నాలుకా తగలకుండా, ఎంతో పవిత్రంగా వరసలో నిలబడి ఉంది.

మూడో రోజున నాకే తోచి శేషగిరిరావు గారి దగ్గరికి వెళ్ళాను.

"ఉప్పు పరీక్ష చేస్తానండీ. కొద్దిగా నమూనా తీసుకుంటాను."

"ఎట్టా చేస్తారు?"

"నీళ్ళలో కలిపి, వడపోసి, పిపెట్‌తో కొలిచి..."

"పిపెట్టంటే మీరు నోటితో పీలుస్తారే, ఆ గొట్టమేనా?"

"ఇప్పుడు రబ్బరు బల్బు ఉందండీ. నోటితో పని లేదు."

"బల్బు వెనకాల ఉండేది మీరేగా సుభద్ర గారూ?"

ఇంత పటిష్ఠమైన వాదన నేను యూనివర్సిటీలో కూడా వినలేదు. నవ్వు ఆపుకుంటూ బయటికొచ్చాను. ఆయన మొండి మనిషి కాదు. రెండోసారి అడిగుంటే ఒప్పుకునేవారు. నేను అడగలేదు. ల్యాబ్‌లో కూలర్ ఉంది, కలిపే హాల్లో మే నెల ఉంది. పైగా నా లెక్క మీద నాకు నమ్మకం ఉంది. దానికి కారణం నేను లెక్క వెయ్యకపోవడమే.

ఎర్రటి పెదవులు

ఎనిమిదో రోజు మధ్యాహ్నం యాదమ్మ ల్యాబ్‌కు వచ్చింది. మామూలుగా ఆమె గుమ్మం బయటే నిలబడి మాట్లాడుతుంది. ఆరోజు లోపలికి వచ్చి తలుపు వేసింది.

"మేడం, ఊట దిగలె."

ఉప్పు తగిలితే ముక్కలోంచి నీరు దిగాలి. మూడో రోజుకే దిగాలి. "కల్లుప్పు కదా, నెమ్మదిగా కరుగుతుంది," అన్నాను.

"కరిగేటిది కరిగింది. నేను ఉప్పే తక్కువున్నదంటున్న. మొదటి డ్రమ్ముల మీద చిన్నచిన్న బుడగలొస్తున్నయి."

"తక్కువని నీకెలా తెలుసు?"

"ఎర్క. గంతే."

అప్పుడు చూశాను. ఆమె పెదవులు ఎర్రగా ఉన్నాయి, తమలపాకు ఎరుపు కాదు. నేను చూసినట్టు ఆమె చూసింది. కొంగుతో తుడుచుకుంది.

"నోట్లేసుకున్న మేడం. నాలుగు డ్రమ్ములయి జూసిన. నాలుగింట్ల ఉప్పు లేదు. దేవుడు నన్నేమన్న జేస్తే జెయ్యనీ. గివి ఖరాబైతే ఈ యాడాది కాయ పనే ఉండది, మా పద్దెనిమిది మందిని ఇంట్ల కూసోబెడ్తరు." తలుపు వైపు చూసింది. "మీకొక్కరికే జెప్తున్న. నేను నోట్లేసుకున్న సంగతి మాత్రం బయటికి రానియ్యకున్రి."

"రానివ్వను."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆమె వెళ్ళాక బల్బూ గొట్టమూ తీసి, ఎవరినీ అడక్కుండా పరీక్ష చేశాను. ఉండాల్సిన ఉప్పులో దాదాపు నాలుగో వంతు లేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. అప్పుడు లేచి, కలిపే హాల్లో కొలత గిన్నె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

మా ఫ్యాక్టరీలో ఆవకాయ కొలత తూకం కాదు. పెద్దమ్మ గారి ఇంట్లో ఒక ఇత్తడి తవ్వ ఉండేది. తవ్వకు తవ్వ, ఉప్పు, కారం, ఆవపిండి మూడూ సమానం. దానికి ఎన్నో రెట్లు పట్టే స్టీలు గిన్నె చేయించారు శేషగిరిరావు గారు. గిన్నె నిండా పోసి, అంచుకు సమంగా తల కొట్టి, బోర్లించడమే. సన్న ఉప్పు గిన్నెలో దట్టంగా కూర్చుంటుంది. కల్లుప్పు గింజల మధ్య గాలి ఉంటుంది. అదే గిన్నె, అదే నింపు, కానీ బరువు తక్కువ. ఇంటర్మీడియట్ పిల్లలకు చెప్పే విషయం. ఉప్పు మార్చమని సంతకం పెట్టిన నేను గిన్నె సంగతి రాయలేదు. కొలత నా పని కాదనుకున్నాను. యాదమ్మ చెప్పినట్టే నింపింది, చెప్పినట్టే తల కొట్టింది. నలభై డ్రమ్ముల్లో గాలి కలిపింది నేను.

అడిగినదానికి జవాబు

శేషగిరిరావు గారి గదికి వెళ్ళి, పరీక్ష చేశానని, ఉప్పు తక్కువుందని, ఇవాళే కలిపితే దక్కుతాయని చెప్పాను. ఆయన ముఖం తెల్లబోయింది. బల్బు సంగతి ఎత్తలేదు. గొంతు బాగా తగ్గించి అడిగారు:

"కొలిచింది ఎవరండీ?"

"యాదమ్మ," అన్నాను.

ఇంతే జరిగింది. దీని గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. మెట్రో స్టేషన్ మెట్ల మీద, సూపర్ మార్కెట్‌లో సీసాలు తలకిందులు చేసి చూస్తూ, పళ్ళు తోముకుంటూ. ఆయన అడిగిన ప్రశ్నకు అది సరైన జవాబు. కొలిచింది యాదమ్మే. ఉప్పు మార్చింది ఎవరని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆమె రుచి చూసిన సంగతి దాచిపెట్టాను, ఒట్టు నిలబెట్టుకున్నాను. చూశారా, ఎంత నిజాయితీగా ఉందో.

రెండు రోజులు హాలంతా పరుగులే. నేను తూకం వేసి ఇవ్వడం, వాళ్ళు డ్రమ్ము డ్రమ్ముకూ ఉప్పు చల్లి అడుగుదాకా కలపడం. ముప్ఫై ఆరు దక్కాయి. నాలుగు అప్పటికే పొంగాయి, పారబోశాం. శేషగిరిరావు గారు నలుగురి ముందూ నన్ను మెచ్చుకుని ఒక గోడ గడియారం ఇచ్చారు. ఆ మెప్పు పొందుతున్నప్పుడు యాదమ్మ అక్కడ లేదు. ముందురోజు సాయంత్రమే ఆమెను కలిపే హాల్లోంచి తీసి సీసాలు కడిగే చోటికి వెయ్యమని సూపర్‌వైజర్‌కు చెప్పారు. ఇరవై ఏళ్ళు పచ్చడి కలిపిన మనిషిని సీసాలు కడగమనడమంటే పొమ్మనడమే.

ఆ మాట విన్న సాయంత్రమే ఆమె వచ్చి ల్యాబ్ గుమ్మం బయట నిలబడింది.

"గిన్నె తల గొట్టే పోసిన మేడం. ఒక్క గింజ తక్కువ పొయ్యలె."

"నాకు తెలుసు యాదమ్మా."

"మీకెర్కనే. సార్‌కెర్కనా?"

"చూద్దాం," అన్నాను.

చూద్దాం అన్నది తెలుగులో ఎంతో ఉపయోగపడే మాట. అందులో చూడడం ఒక్కటే ఉండదు. యాదమ్మ తల ఊపి, ఏప్రన్ మడిచి గుమ్మం పక్కన కుర్చీ మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ కుర్చీలో నేను తర్వాత కూర్చోలేదు. పెద్ద త్యాగమేమీ కాదు, దాని కాలు ఒకటి పొట్టి.

పెద్దమ్మ గారి ముక్క

పన్నెండో రోజున పెద్దమ్మ గారు వాకర్ పట్టుకుని వచ్చారు. పూజ అయింది. నైవేద్యం అయింది. ఆవిడ ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలారు. "సరే" అనలేదు, "చాలదు" అనలేదు.

"ఇది మధ్యలో ఉప్పేసిన ఆవకాయ," అన్నారు. "ముక్క లోపల ఒక ఉప్పుంది, బయట ఒక ఉప్పుంది. ఏం జరిగిందిరా?"

శేషగిరిరావు గారు చెప్పారు. ఉప్పు తగ్గడం, సుభద్ర గారు మిషన్లో పట్టుకోవడం, యాదమ్మను మార్చడం. పద్ధతిగా చెప్పారు, నా గురించి కాస్త ఎక్కువ చేసి మరీ.

పెద్దమ్మ గారు నా వైపు తిరిగారు. "ఏమ్మాయ్, ఎనిమిది రోజులూ మిషన్ నీ బల్ల మీదే ఉందిగా. ఎనిమిదో రోజునే పెట్టాలని ఎవరికి తోచింది?"

నేను ఒట్టు గురించి ఆలోచించాను. ఆ ఒట్టు నన్ను ఎంత సుఖంగా కాపాడిందో అప్పుడు తెలిసింది. సగం నిజం చెప్పి యాదమ్మ పని పోగొట్టాను. మిగతా సగం చెప్పాలంటే ఆమె దాచమన్నది కూడా బయటపెట్టాలి. ఆమెను అడిగి రావడానికి వ్యవధి లేదు. ఆ వ్యవధి నాలుగు రోజుల కిందట ఉండేది, దాన్ని గడియారం తీసుకోవడానికి వాడుకున్నాను.

చెప్పాను. ఉప్పు మార్చింది నేను, గిన్నె మార్చనిది నేను, ముందు నోట్లో వేసుకుని చూసింది యాదమ్మ, ఎందుకు చూసిందో కూడా.

"అంటే నేను దేవుడికి ఎంగిలి పెట్టాను," అన్నారు పెద్దమ్మ గారు. కోపంగానే అన్నారు. క్షమించే ముఖం కాదది. తర్వాత ఆవిడ వాకర్ సర్దుకున్నారు. "నలభై డ్రమ్ములు కుళ్ళబెట్టి ఆయన ముఖాన పోయడం కంటే నయంలే. ఆ మనిషిని పిలిపించు. తప్పు నీదైనప్పుడు పిలవాల్సింది కూడా నువ్వే. వెళ్ళు."

నాకు శిక్ష ఏమీ వెయ్యలేదు. శేషగిరిరావు గారు ఒక నెలపాటు నాతో మామూలు గొంతుతో మాట్లాడలేదు, అంతే. ఇలాంటి చోట్ల చదువుకున్నవాళ్ళ తప్పు పొరపాటు అవుతుంది, చదువుకోనివాళ్ళ పొరపాటు తప్పు అవుతుంది. కొత్తగా చేరేవాళ్ళు మొదటి వారంలోనే గమనించవలసిన సంగతి ఇది. మీకు లాభించే సంగతి కాబట్టి మీ కంటికి ఆలస్యంగా ఆనుతుంది.

మల్లాపూర్ షెడ్డు

యాదమ్మ అప్పటికే మల్లాపూర్ వైపు ఇంకో చిన్న పచ్చళ్ళ షెడ్డులో చేరింది. మధ్యాహ్నం భోజనాల వేళ వెళ్ళాను. రేకుల నీడలో నలుగురు ఆడవాళ్ళు టిఫిన్లు విప్పుకుని కూర్చున్నారు.

"ఏంది మేడం, గింత ఎండల నడ్సుకుంట వచ్చిన్రు? కంపెనీ కారు ఖరాబైందా?"

"నిన్ను పిలవడానికొచ్చాను. నీ పని నీకిచ్చారు. పెద్దమ్మ గారే రమ్మన్నారు."

"ఎందుకంట?"

"నిజం చెప్పాను యాదమ్మా. ఉప్పు మార్చింది నేనని చెప్పాను. నువ్వు చూడకపోతే డ్రమ్ములు పోయేవని చెప్పాను."

ఆమె ముద్ద నోటి దగ్గర ఆపింది. "నోట్లేసుకున్ననని గూడ జెప్పిన్రా?"

"చెప్పాను."

"గదొక్కటే జెప్పొద్దన్న."

"అవును."

"జెప్పాల్సిన్నాడు జెప్పలె. జెప్పొద్దన్నది జెప్పిన్రు." పక్కనున్నామె వైపు తిరిగింది. "సూసినవా రాజవ్వా, మా మేడంది మస్తు పెద్ద సదువు. ఎటు దిక్కు పోయేదో ముందుగాల దానికే తెల్వది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకుండా ఉంటే బాగుండేది.

"రా యాదమ్మా."

"రాను మేడం. కోపంతోటి కాదు." ముద్ద మింగి నీళ్ళు తాగింది. "ఈడ సేటు కలిపినంక నన్నే ఫస్టు నోట్లేసుకోమంటడు. ఉప్పు తక్కువంటే తక్కువే, ఎక్కువంటే ఎక్కువే. ఎవ్వలు అడ్గరు. మీకాడ నేను దేవుని ఎనకాల లైన్ల నిలవడాలె. అటెనక పెద్దమ్మ, అటెనక సార్, అటెనక మీ మిషన్. నా దాక వచ్చేసరికి పచ్చడి ఖరాబైతది."

టిఫిను మూత పెడుతూ ఆమే అడిగింది:

"గిన్నె మార్చిన్రా?"

"తీసేశాను. ఇక నుంచి తూకం."

"మంచిగ జేసిన్రు. హాల్ల ఇప్పుడు ఎవలున్నరు పెద్ద?"

"లక్ష్మి."

"లక్ష్మా? అది పైన పైన కలుపుతది మేడం, నడుం వంగది దానికి. మూడో దినం చెయ్యి అడుగుకు తగిలేదాక కలపమను. నేను జెప్పిన్నని జెప్పున్రి, ఇంటది."

లోపల గంట కొట్టారు. ఆమె చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది.

నేను నాచారం తిరిగొచ్చి ల్యాబ్‌కు వెళ్ళకుండా నేరుగా కలిపే హాల్లోకి వెళ్ళాను. శేషగిరిరావు గారు అక్కడే ఉన్నారు. యాదమ్మ రానన్నదని ముందు చెప్పాను, ఎందుకు రానన్నదో కూడా చెప్పాను, లైనులో నేనెక్కడ నిలబడ్డానో వదిలెయ్యకుండా. లక్ష్మి ఆరోజు మూడో రోజు డ్రమ్ము తిరగకలుపుతోంది.

"చెయ్యి అడుగుకు తగిలేదాకా కలపాలట," అన్నాను.

"ఎవరన్నరు మేడం?" అంది లక్ష్మి, నడుం వంచకుండానే.

"యాదమ్మ," అన్నాను.

లక్ష్మి చీర ఎగదోపుకుని, డ్రమ్ములోకి భుజందాకా వంగింది.